సీమ దారుల్లో కారవాన్: ముందు తేల్చుకోవాల్సింది సిగ్నల్ సంగతి

వ్యాన్‌నే ఇల్లుగా మార్చుకుని బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో రాయలసీమ చూడటానికి వచ్చే కుటుంబాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. శనివారం లేపాక్షి, ఆదివారం గండికోట, సోమవారం ఉదయం అక్కడి నుంచే ఆఫీసు మీటింగ్ అనుకుని బయల్దేరే వారికి పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఎంత అవసరమో ఇంటర్నెట్ కూడా అంతే అవసరం. కేరళ ప్రభుత్వం 2021లోనే కారవాన్ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది. మన దగ్గరా ఆ దిశగా మాటలు సాగుతున్నాయి. ఆ మాటల్లో వాహనం గురించి, పార్కింగ్ స్థలం గురించి వినిపించినంతగా సిగ్నల్ గురించి వినిపించడం లేదు. సీమలో ఇలాంటి ప్రయాణం సాఫీగా సాగాలంటే ఖరీదైన రూటర్ కన్నా వేర్వేరు కంపెనీల రెండు సిమ్‌లు, వ్యాన్ కప్పు మీద ఒక మంచి యాంటెన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఆ రెండూ ఉన్నా పని జరగని చోట్లు కొన్ని మిగులుతాయి. అక్కడ ప్రయాణికుడు ఇంకా డబ్బు పోసి లాభం లేదు. ఉన్న టవర్లను కంపెనీలు పంచుకోవాలి, పంచుకునేలా ప్రభుత్వం చూడాలి.

జాతీయ రహదారుల మీద ఇబ్బంది తక్కువ. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా పోయే 44వ నంబరు రహదారి వెంటా, కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వచ్చే 40వ నంబరు రహదారి వెంటా ఊళ్లు తరచుగా తగులుతాయి, నేల చాలావరకు చదును, టవర్లకు కొదవ లేదు. చిక్కంతా ఈ చదును దారులు దాటిన తర్వాతే మొదలవుతుంది. సీమలో చూడదగ్గ చోట్లు చాలావరకు కొండ మడతల్లోనో, లోయ అంచునో, అడవి నడుమనో ఉన్నాయి. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుపోయిన చోట గండికోట ఉంది, నల్లమల లోపల అహోబిలం ఉంది, కడప నుంచి రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. ఘాట్ కింద మాట్లాడుతున్న ఫోన్ మలుపులో తెగిపోయి, పైన పాలకోవా దుకాణాల దగ్గర మళ్లీ కలిసిందంటే దానికి కారణం దూరం కాదు, మధ్యలో అడ్డం వచ్చిన కొండ. అందుకే లోయ అంచున వ్యాన్‌ను ఏభై అడుగులు ముందుకో వెనక్కో జరిపితే, అంతవరకు రాని నెట్ వస్తుంది. రాత్రికి ఎక్కడ ఆపాలన్న నిర్ణయంలో నీడ, నీళ్లతో పాటు ఈ లెక్క కూడా ఉండాలి.

ఫ్రీక్వెన్సీ సంగతి కూడా కొంత తెలుసుకోవాలి. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబర్ 1న మొదలయ్యాయి. వాటిలో ఎక్కువ వేగం ఇచ్చే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ తరంగం ఎక్కువ దూరం పోదు, గోడ అడ్డమొస్తే బాగా తగ్గిపోతుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు వేగంలో వెనకబడినా దూరం పోతాయి, అడ్డంకులను కొంత తట్టుకుంటాయి. పట్నంలో 5జీ అని మెరిసే ఫోన్ పల్లె దాటాక 4జీకి దిగిపోవడం అందువల్లనే. కాబట్టి కారవాన్ కోసం రూటర్ కొనేటప్పుడు 5జీ ఉందా అన్న ప్రశ్న కన్నా, మన కంపెనీలు వాడే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు అందులో ఉన్నాయా అన్న ప్రశ్న ముందు అడగాలి. అమెరికా మార్కెట్ కోసం తయారైన కొన్ని రూటర్లలో ఇక్కడి బ్యాండ్లన్నీ ఉండవు. బంధువులు తెచ్చిచ్చారని వాటిని బిగించుకుంటే ఆళ్లగడ్డ దాకా బాగానే పనిచేసి అహోబిలంలో చేతులెత్తేయవచ్చు.

రెండు సిమ్‌ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఒకే కంపెనీ సిమ్‌లు రెండు కొంటే డేటా పెరుగుతుంది గానీ కవరేజీ అంగుళం కూడా పెరగదు. వేర్వేరు కంపెనీలవి తీసుకోవాలి, వాటిలో ఒకటి మీరు పోబోయే చోట గట్టిగా ఉన్నదై ఉండాలి. కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. బయల్దేరే ముందు వాటిని చూడటం మంచిదే. అయితే మ్యాపులో రంగు పూసి ఉన్న చోటల్లా కొండ వెనక కూడా సిగ్నల్ ఉంటుందని నమ్మకూడదు. జమ్మలమడుగులో టీ కొట్టు దగ్గర ఆగి, గండికోటలో ఏ ఫోన్ పలుకుతుందని ఆటో డ్రైవర్‌ను అడిగితే వచ్చే జవాబుకు నేను మ్యాపు కన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

ఏ సిమ్ ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. బ్యాంకుకు, యూపీఐకి, ఫాస్టాగ్‌కు ముడిపడిన నంబరు ఫోన్‌లోనే ఉండాలి, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తుంది. రూటర్‌లో వేరే కంపెనీ డేటా సిమ్ పెట్టాలి. రోజువారీ డేటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది; గంట వీడియో మీటింగ్‌కు సుమారు ఒక జీబీ ఖర్చవుతుంది కాబట్టి, రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్‌తో ఇద్దరు ఉద్యోగులు పొద్దంతా పనిచేయడం కుదరని పని. ప్రయాణాల మధ్య నెలల తరబడి వాడని సిమ్ గురించి కూడా మరవకూడదు. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు రద్దయ్యే అవకాశం ఉంది. బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే వాటిని కోసుకుని మరో 30 రోజులు ఉంచుతారు. ఇక ఇళ్లకు ఇచ్చే ఎయిర్‌ఫైబర్ లాంటి కనెక్షన్లు ఒక చిరునామాకు కట్టుబడి ఇచ్చేవి. వాటిని వ్యాన్‌లో వేసుకుని తిరగవచ్చనుకోవడం పొరపాటు.

అసలు గుణం కనిపించేది యాంటెన్నా దగ్గర. వ్యాన్ ఒళ్లంతా ఇనుప రేకు, రేకు లోపల ఫోన్‌కు అందే సిగ్నల్ బయట అందేదానికన్నా తక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది. 4జీలో అది మైనస్ 90కి అటూ ఇటూ ఉంటే పని హాయిగా సాగుతుంది, మైనస్ 110 దాటితే మీటింగ్‌లో ముఖం ఆగిపోవడం మొదలవుతుంది, మైనస్ 120 దగ్గర ఆశ వదులుకోవచ్చు. ఇక్కడ 10 అంకెల తేడా అంటే బలంలో పది రెట్ల తేడా. వ్యాన్ లోపల మైనస్ 112 చూపించిన చోటే కప్పు మీద మైనస్ 100 దొరికితే, రాని నెట్‌కూ వచ్చే నెట్‌కూ మధ్య తేడా అదే. రూటర్‌కు బయటి యాంటెన్నా బిగించే సదుపాయం ఉండాలి, 4జీలో రెండు దారుల్లో సంకేతం అందుకుంటే వేగం పెరుగుతుంది కాబట్టి కేబుళ్లు రెండు వేయాలి, అవి వీలైనంత పొట్టిగా ఉండాలి. యాంటెన్నా సంపాదించిన బలాన్ని పదిహేను అడుగుల సన్న కేబుల్ దారిలోనే మింగేయగలదు. నడుస్తున్న బండికి అన్ని దిక్కులా అందుకునే యాంటెన్నా సరిపోతుంది. రెండు మూడు రోజులు ఒకే చోట ఉండేవారు టవర్ వైపు తిప్పి పెట్టే ప్యానెల్ యాంటెన్నా కూడా దగ్గర పెట్టుకుంటే ఫలితం ఇంకా బాగుంటుంది.

కరెంటు గురించి భయపడేంత లేదు. పది వాట్ల రూటర్ ఇరవై నాలుగు గంటలు నడిస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 20 యాంపియర్ అవర్లు తీసుకుంటుంది. వంద యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకున్నా రెండు రోజులు గడుస్తాయి, పైగా ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలసిన నేల మీద వ్యాన్ కప్పు మీది సోలార్ పలకకు ఎండ తక్కువ కాదు. భయపడాల్సింది ఆ ఎండకే. మే నెలలో తాడిపత్రి దగ్గర ఆగిన ఒక వ్యాన్ డాష్‌బోర్డు మీద పాకెట్ వైఫై చూశాను. లోపలి బ్యాటరీ ఉబ్బి, వెనక మూత వేలెడంత పైకి లేచింది, పక్కన అద్దానికి అంటించిన స్టాండు జిగురు కరిగి కారింది. మూసిన బండిలో వేడి బయటికన్నా ఎంతో ఎక్కువగా పెరుగుతుంది. ఇక్కడ బ్యాటరీతో నడిచే పాకెట్ వైఫై కన్నా నేరుగా 12 వోల్టులతో నడిచే రూటరే మేలు. దాన్ని సీటు కింద, గాలి ఆడే చోట బిగించాలి.

అమెరికాలో ఇలాంటి వాహనాల వారికి ఇచ్చే సలహాల్లో సిగ్నల్ బూస్టర్, శాటిలైట్ డిష్ తప్పకుండా ఉంటాయి. ఆ సలహాలు ఆ దేశ చట్టానికి తగ్గవి. అక్కడ ప్రభుత్వం ఆమోదించిన బూస్టర్లను కొని కంపెనీ దగ్గర నమోదు చేసుకుని వాడవచ్చు. ఇక్కడ అనుమతి లేకుండా బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అన్నది సమాధానం కాదు. ఈ నిబంధనను నేను సమర్థిస్తాను: సరిగా లేని బూస్టర్ ఒకరి వ్యాన్‌లో సిగ్నల్ పెంచి, ఆ టవర్ మీద ఆధారపడిన పల్లె మొత్తానికి అంతరాయం కలిగించగలదు. శాటిలైట్ ఫోన్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. టెలికాం శాఖ అనుమతి లేకుండా వాటిని దగ్గర పెట్టుకున్నా కేసు అవుతుంది, విదేశాల నుంచి తెచ్చుకున్న శాటిలైట్ మెసెంజర్లతో విమానాశ్రయాల్లో పట్టుబడిన యాత్రికులు ఉన్నారు. స్టార్‌లింక్‌కు మన ప్రభుత్వం 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చినా, విదేశంలో కొన్న డిష్‌ను తెచ్చి ఇక్కడ కప్పు మీద పెట్టుకోవడానికి ఆ లైసెన్సు అనుమతి కాదు.

ఫోన్ కాల్స్‌కు చట్టబద్ధమైన దారి వైఫై కాలింగ్. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి. ఫోన్‌లోని సిమ్‌కు టవర్ అందకపోయినా, రూటర్‌లోని వేరే కంపెనీ ఇంటర్నెట్ మీదుగా అదే నంబరుకు కాల్ వస్తుంది. సెట్టింగ్స్‌లో ఒక మీట నొక్కితే చాలు, అయినా చాలామంది దీన్ని ఆన్ చేసుకోరు. ఇంట్లో పెద్దవాళ్లు మామూలు ఫోన్ చేసేవారైతే దీని విలువ ఇంకా ఎక్కువ. ఆపదలో 112కు చేసే కాల్‌ను అందుబాటులో ఉన్న ఏ కంపెనీ టవరైనా తీసుకుంటుంది; మన సిమ్‌కు గీతలు లేవని ప్రయత్నం మానకూడదు. శ్రీశైలం వైపు అడవి దారిలో రాత్రి వేళ వాహనాలను ఆపేస్తారు కాబట్టి, చెక్‌పోస్టు దగ్గరే తెల్లవారే వరకు ఉండిపోవాల్సి వచ్చిన కుటుంబానికి ఈ రెండూ తెలిసి ఉండటం ఎంతో ధైర్యం.

అత్యవసర కాల్ ఏ టవర్ మీదైనా పోగలిగినప్పుడు మామూలు కాల్ ఎందుకు పోకూడదు? సాంకేతికంగా అడ్డేమీ లేదు. తుపానులు వచ్చినప్పుడు టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ ఆన్ చేయిస్తుంది, ఒక కంపెనీ వినియోగదారు మరో కంపెనీ టవర్‌ను వాడుకుంటాడు. పల్లెల్లో టెలికాం సేవల కోసం కేంద్రం నడిపే డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన 4జీ టవర్లను కంపెనీలు పరస్పరం పంచుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. ప్రభుత్వ డబ్బు లేని టవర్ అయినా, చుట్టుపక్కల అదొక్కటే ఉన్న చోట ఈ సదుపాయాన్ని ఏడాది పొడవునా ఉంచాలి. పెట్టుబడి పెట్టిన కంపెనీ దీనికి ఒప్పుకోదనే వాదన ఉంది, అందులో న్యాయమూ ఉంది. వాడుకున్న కంపెనీ నుంచి అద్దె ఇప్పిస్తే ఆ న్యాయం నెరవేరుతుంది.

ఇది పర్యాటకుల కోసం మాత్రమే అడుగుతున్నది కాదు. కారవాన్ వారు రెండు రోజులుండి పోతారు. గండికోటలో గైడు, అహోబిలం మెట్ల దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆమె, నల్లమల అంచున జీవాలు తోలుకుపోయే కాపరి ఏడాదంతా ఆ సిగ్నల్‌తోనే బతుకుతారు. యూపీఐ స్కానర్ తిరుగుతూ ఉండిపోతే బేరం పోయేది వారికే.

పర్యాటక శాఖ కారవాన్ పార్కింగ్‌కు స్థలాలు ఎంపిక చేసేటప్పుడు ప్రతి చోటా ఏ కంపెనీ సిగ్నల్ ఎంత ఉందో కొలిపించి బోర్డు మీద రాయించాలి, నీళ్ల కుళాయికి, మరుగుదొడ్డికి ఇచ్చే స్థానం దానికీ ఇవ్వాలి. ట్రాయ్ నగరాల్లోనూ రహదారుల మీదా బండిలో తిరుగుతూ సిగ్నల్ కొలిచే డ్రైవ్ టెస్టులను జమ్మలమడుగు–గండికోట రోడ్డు మీద, ఆళ్లగడ్డ–అహోబిలం రోడ్డు మీద, నంద్యాల–గిద్దలూరు ఘాట్‌లో, గువ్వలచెరువు మలుపుల్లో కూడా జరిపి, ఫలితాలను కంపెనీల వారీగా ప్రచురించాలని మన ఎంపీలు, ఎమ్మెల్యేలు రాతపూర్వకంగా కోరాలి.