దయచేసి చదవకండి, పఠనోత్సవం జరుగుతోంది

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం తలుపు మీద అంటించిన నోటీసు ఇది: "విద్యార్థుల్లో పఠనాభిరుచిని పెంపొందించేందుకు పఠనోత్సవం నిర్వహిస్తున్నందున రీడింగ్ హాలు మూడు రోజులు మూసివేయబడును. విద్యార్థులు సహకరించగలరు." కింద సంతకం, సీలు, తేదీ. ఆ పై సోమవారం నుంచి పరీక్షలు. నోటీసులో వెతికినా ఒక్క అక్షరదోషం దొరకలేదు. ఆ భవనంలో ఈ మధ్య ఇంత శ్రద్ధగా తయారైన కాగితం ఇంకోటి లేదు.

తొందరపడి నవ్వకండి. దీని వెనక గట్టి పాలనా సూత్రమే ఉంది. చదువుకునేవాళ్లు కుర్చీలన్నీ ఆక్రమించి కూర్చుంటే, చదువు గొప్పదనం చెప్పే సభకు కుర్చీలు ఎక్కణ్ణుంచి తేవాలి? పైగా వాళ్లకు చదివే అలవాటు ఇప్పటికే ఉంది. ఉన్నవాళ్లకే మళ్లీ నేర్పితే నిధుల దుర్వినియోగం అవుతుంది, ఆడిట్‌లో అడుగుతారు. కాబట్టి పాఠకులను ముందు బయటికి పంపాలి. పఠనం ఆ తర్వాత దానంతటదే వర్ధిల్లుతుంది.

పెద్ద గ్రంథాలయం నడపడం చిన్న పని కాదన్నది నిజమే. పుస్తకాలు కొనడానికి అక్విజిషన్, వాటికి నంబరు వేసి, వర్గీకరించి, కేటలాగ్‌లో ఎక్కించడానికి టెక్నికల్ సెక్షన్, ఇచ్చి పుచ్చుకోవడానికి సర్క్యులేషన్ కౌంటర్, జర్నళ్లకు పీరియాడికల్స్, దిక్కు తోచనివాళ్లకు రిఫరెన్స్ డెస్కు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మనుషులే లేరు. లైబ్రేరియన్ పోస్టు ఖాళీ, ఇన్‌చార్జి గారికి ఇంకో రెండు బాధ్యతలు. టెక్నికల్ సెక్షన్‌లోకి వెళ్లిన కొత్త పుస్తకం అల్మరాలోకి వచ్చేసరికి రచయిత తర్వాతి ఎడిషన్ తెచ్చేస్తాడు. పీరియాడికల్స్ వాళ్ల బాధ మరీ వేరు. పెద్ద ప్రచురణ సంస్థలు ఆన్‌లైన్ జర్నళ్లను కట్టలు కట్టి అమ్ముతాయి. మనకు కావలసిన నాలుగింటి కోసం ఎవరూ తెరవని నలభై కొనాలి. ఒప్పందంలో ముందే రాయించుకోకపోతే, చందా ఆపిన రోజున డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు కూడా తెర మీద నుంచి మాయమవుతాయి. అచ్చు పత్రికకు ఈ తెలివితేటలు లేవు పాపం, ఒకసారి కొంటే బీరువాలో పడి ఉండేది.

ఇన్ని ఖాళీల మధ్య నిండుగా ఉన్న విభాగం ఒక్కటే, ఈవెంట్స్ కమిటీ. కన్వీనర్, కో-కన్వీనర్, పదిమంది సభ్యులు, వాట్సాప్ గ్రూపు. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలు వేసి అల్మరాల్లో సర్దే పద్ధతి, డ్యూయీ దశాంశ వర్గీకరణ, 1876లో వచ్చింది. అందులో గ్రంథాలయ శాస్త్రానికి 020, పుస్తక పఠనానికి 028, ఆచారాలూ వేడుకలకూ 394. ఈ గ్రంథాలయాన్ని ఇప్పుడు ఏ అల్మరాలో పెట్టాలో వేరే చెప్పాలా? పాత లేబుల్ చింపి 394 అంటిస్తే సరిపోతుంది.

ఇక ఉత్సవానికి వద్దాం. ముందురోజు బల్లలన్నీ గోడవారకు లాగి, వాటి మీద తెల్లగుడ్డ పరిచారు. పుస్తక ప్రదర్శన అంటే ఇదే. గుడ్డ నలుగుతుందని పుస్తకాలు ముట్టుకోవద్దన్నారు. రిఫరెన్స్ డెస్కు వేదిక అయింది. "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డుకు స్పీకరు వేలాడదీశారు, మేకు అక్కడే ఉంది కాబట్టి. గుమ్మం దగ్గర రాకపోకలు లెక్కపెట్టే యంత్రం ఉంది. ఎవరు దాటినా ఒక అంకె పెరుగుతుంది, మొత్తాన్ని రెండుతో భాగించి ఎంతమంది వచ్చారో చెబుతారు. దాన్ని ఆపడం ఎవరికీ గుర్తులేదు. కుర్చీలు మోసిన మనిషి రెండేసి కుర్చీల చొప్పున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గుమ్మం దాటుతూనే ఉన్నాడు. ఈ ఏడాది గ్రంథాలయాన్ని అందరికంటే ఎక్కువగా వాడుకున్న పాఠకుడు ఆయనే. తర్వాతి స్థానంలో మైకు సెట్టు కుర్రాడు. వార్షిక నివేదికలో "వినియోగదారుల సంఖ్య గణనీయంగా పెరిగింది" అన్న వాక్యం వచ్చినప్పుడు మీరు ఈ ఇద్దరినీ కృతజ్ఞతతో తలచుకోవాలి.

ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి రంగనాథన్ గారి గురించి మాట్లాడారు. ఆయన చెప్పినవి నిజాలే. రంగనాథన్ గణితం చెప్పుకునే మనిషి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత తీసుకున్నారు, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ప్రకటించారు. మొదటిది, పుస్తకాలు ఉపయోగించడానికే. నాలుగోది, పాఠకుడి కాలం ఆదా చెయ్యి. ఈ నాలుగోదాన్ని అతిథి గారు మూడుసార్లు నొక్కి చెప్పారు. చెబుతుండగానే మైకు పోయింది. బాగుచేసే దాకా అందరూ కూర్చున్నారు, ఆయన మళ్లీ మొదటి సూత్రం నుంచి అందుకున్నారు.

అసలు ఘట్టం ఫొటోల దగ్గర వచ్చింది. పఠనోత్సవం అన్నాక చదువుతున్నవాళ్ల ఫొటో ఒకటి ఉండాలి. హాల్లో వెతికితే ఒక్కరు కూడా చదవడం లేదు. ఫొటోగ్రాఫరు బయటికి వచ్చి చూస్తే, వెళ్లగొట్టిన పిల్లలు మెట్ల మీద, చెట్టు కింద, సైకిల్ స్టాండు అరుగు మీద పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. "అమ్మా, మీ నలుగురూ ఒకసారి లోపలికి రండి, రెండు నిమిషాలే" అన్నాడు. వచ్చారు. వాళ్ల పుస్తకాలు నలిగిపోయాయని పక్కన పెట్టించి, ప్రదర్శనలోంచి మెరిసే అట్టలవి తీసి చేతికిచ్చారు. "కొంచెం నవ్వుతూ చదవండి" అన్నాడు. ఒకమ్మాయి నిజంగానే పేజీ తిప్పి చదవడం మొదలుపెడితే, తల ఎత్తమన్నాడు. ఫొటో అయ్యాక పుస్తకాలు వెనక్కి తీసుకుని, "థాంక్సమ్మా, ఇక బయట కూర్చోండి" అన్నారు.

నాకు ఇక్కడ నవ్వు రావడం లేదు. గదిలో అయిదుగురితో సర్దుకునే పిల్ల, ఇంట్లో టీవీ మోతకు చెవులు మూసుకుని చదివే పిల్లవాడు, వీళ్లకు ఊళ్లో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక లైటు అడక్కుండా దొరికే చోటు ఇదొక్కటే. కొనుక్కోలేని పుస్తకం చేతికందేదీ ఇక్కడే. దాన్ని పరీక్షల ముందు లాగేసుకుని, వాళ్ల మొహాలే ఫొటోకు వాడుకుని, మళ్లీ మెట్ల మీదకు తరమడానికి మనసెలా వచ్చింది? మధ్యయుగాల్లో యూరప్‌లో పుస్తకాలకు గొలుసులు వేసేవారు. ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్ కెథడ్రల్‌లో అలాంటి గొలుసుల గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. వాళ్లు పుస్తకాన్ని కట్టేశారు గానీ, అక్కడే చదువుకోనిచ్చారు. మనం పుస్తకాన్ని వదిలేసి పాఠకుణ్ణి గెంటేశాం. సిగ్గుచేటు!

ఆ మూడు రోజుల ఖర్చులో ఏమేం అయ్యేవో ఈవెంట్స్ కమిటీకి తెలియక కాదు. వెలగని ట్యూబులైట్లు, ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి బల్ల దగ్గర నాలుగు ప్లగ్గులు, పరీక్షల నెలలో రాత్రి పన్నెండు దాకా ఒక మనిషి డ్యూటీ. కేటలాగ్‌లో వెతికితే "అందుబాటులో ఉంది" అని వస్తుంది, అల్మరా దగ్గరికి వెళితే ఉండదు. చోటు మారిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానమని ఆ ఉద్యోగం తెలిసిన ఎవరైనా చెబుతారు. వరస ప్రకారం చూసి సర్దడానికి ఇద్దరు కావాలి. కానీ సర్దిన అల్మరా ముందు రిబ్బను కట్టి కత్తిరించడం కుదరదు. వెలిగే ట్యూబులైటు కింద జ్ఞాపిక పుచ్చుకున్నవాణ్ణి నేనింకా చూడలేదు.

ఈ సభ పక్కనున్న సెమినార్ హాల్లో పెట్టుకోవచ్చు కదా అని ఒక విద్యార్థి దరఖాస్తు పెట్టాడు. రెండొందల సీట్లు, పనిచేసే ఏసీ, సొంత మైకు ఉన్న హాలు. జవాబు లిఖితపూర్వకంగా వచ్చింది. ఆ మూడు రోజులూ అక్కడ "గ్రంథాలయాల్లో స్థలాన్ని పాఠకులకు అనుకూలంగా తీర్చిదిద్దడం ఎలా?" అన్న వర్క్‌షాపు ఉందట. హాజరైనవాళ్లకు సర్టిఫికెట్లు ఇస్తారు.