కూర్చోనివ్వని అంగళ్లు

కడప వై.వి. వీధిలోనూ ప్రొద్దుటూరు బజారులోనూ పాతకాలపు బట్టల అంగడికి ఒక పద్ధతి ఉండేది. చెప్పులు గడప బయట విడిచి, తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద కూర్చుంటే చాలు. గుమాస్తా అరల్లోంచి చీరలు దించి, మడత విప్పి, ఒకదాని మీద ఒకటి పరుస్తూ పోయేవాడు. కొనేవాళ్లు కదిలేవాళ్లు కాదు, సరుకే వాళ్ల దగ్గరికొచ్చేది. ఇప్పుడు లేస్తున్న నాలుగంతస్తుల షోరూముల్లో సరుకు హ్యాంగర్లకు వేలాడుతుంటుంది, మనిషే దాని చుట్టూ తిరగాలి. పెళ్లి గుడ్డలకని పల్లె నుంచి ఇంటిల్లిపాదీ ఆటో మాట్లాడుకుని వస్తే, మోకాళ్ల నొప్పులున్న జేజికి కూర్చోను మెట్లే దిక్కు. చోటు చాలకే ఇలా అయిందని చాలామంది సరిపెట్టుకుంటారు. నేను ఒప్పుకోను. కుర్చీ వద్దని ప్లాను గీసిన రోజే తేల్చేశారు.

దీని వెనక నూరేళ్ల చరిత్ర ఉంది. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే సరుకుల అంగడి తెరిచాడు. అంతవరకూ అక్కడా గుమాస్తానే సరుకు తెచ్చిచ్చేవాడు. సాండర్స్ కొనేవాళ్ల చేతికే బుట్ట ఇచ్చి, అన్ని అరల ముందు నుంచీ సాగే ఒకే దారిలో నడిపించి, చివర్లో డబ్బు కట్టించుకున్నాడు. గుమాస్తాల జీతాలు మిగిలాయి, కొనాలనుకోనివి కూడా కంటబడి బుట్టలో పడ్డాయి. బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని చూసి, 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ దానికి చక్రాలు తగిలించాడు. ఆ ఆలోచన ఆయనకు మడత కుర్చీని చూసి తట్టింది. కూర్చోవడానికి చేసిన వస్తువే మనుషుల్ని ఇంకాసేపు నడిపించే బండి అయింది. 1982లో రొనాల్డ్ మిల్లిమన్ అనే మార్కెటింగ్ పరిశోధకుడు ఒక సూపర్‌మార్కెట్‌లో సంగీతం వేగం మార్చి చూశాడు. నెమ్మది సంగీతం పెట్టిన రోజుల్లో జనం నిదానంగా నడిచారు, వేగం పెంచిన రోజులకంటే అమ్మకం దాదాపు 38 శాతం ఎక్కువ జరిగింది. ఇలాంటి లెక్కలు వేసుకునే వాళ్లకు కుర్చీ వేసిన చోటు అద్దె దండగే.

అలాగని పరుపు కాలమే బంగారు కాలమని నేననను. ఆ పరుపు అందరి కోసం పరిచింది కాదు. కులం చూసి, కట్టుకున్న గుడ్డ చూసి గడప దగ్గరే నిలబెట్టి పంపిన అంగళ్లు సీమలో తక్కువేం లేవు. బేరం చేతగాని మనిషి ఎక్కువ కట్టాల్సిందే. ఆడపిల్ల లోదుస్తులు కూడా మగ గుమాస్తానే అడగాలి. ధర చీటీ, ఎవరినీ అడక్కుండా తాకి చూసే వీలు, నచ్చకపోతే మాటపడకుండా బయటికి రావడం, ఇవన్నీ షోరూము వచ్చాకే అందరికీ దొరికాయి. ఇవి పోగూడదు.

అయితే సబ్బులు, పప్పులు అమ్మడానికి పుట్టిన పద్ధతిని ధర్మవరం పట్టుకు, మాధవరం నేత చీరకు తెచ్చి తగిలిస్తేనే చిక్కు. పెళ్లి చీర ఒక్కరు ఎంచేది కాదు. కొంగు పరిచి చూడాలి, అత్త ఒక మాట అంటుంది, పెళ్లికూతురు ఒకటి పక్కన పెడుతుంది, నాన్న ధర అడుగుతాడు. ఇదంతా నిలబడి తేలే పని కాదు. ఇంకో సంగతి, రంగు. అద్దకం వేరైన రెండు దారాలు షోరూము దీపాల కింద ఒకేలా కనబడి, ఎండలో వేరుగా తేలడం మామూలే. అందుకే చీరను వాకిట్లోకి తెచ్చి వెలుతురులో చూసేవాళ్లు. ఇప్పుడు ముందు గోడంతా అద్దం, దాని మీద ఫ్లెక్సీ. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఎండ వేడి లోపలికి దిగుతుంది, వెలుతురు మాత్రం బయటే ఆగిపోతుంది.

కొనేవాళ్లన్నా గంటో రెండు గంటలో నిలబడి వెళ్లిపోతారు. అమ్మే అమ్మాయిల సంగతి అంతకంటే ఘోరం. ఆషాఢం ఆఫర్లప్పుడు, రంజాన్ చివరి రాత్రుల్లో, వాళ్లు పొద్దున నిలబడితే అంగడి మూసేదాకా నిలబడే ఉంటారు. ఖాళీగా ఉన్న మధ్యాహ్నం కూడా కూర్చుంటే సూపర్‌వైజర్ కసురుకుంటాడు. కోళికోడ్ మిఠాయి వీధిలో దర్జీ పని చేసే పి. విజి, తోటి ఆడవాళ్లను కూడగట్టి ఏళ్ల తరబడి ఈ మాట మీదే కొట్లాడింది. 2018లో కేరళ ప్రభుత్వం అంగళ్ల చట్టాన్ని సవరించి పనివాళ్లకు కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. అంతమాత్రాన ఆ రాష్ట్రాల్లో అంగళ్లు మూతపడలేదు.

కడప నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు నాలుగు ప్రశ్నలు అదనంగా అడగొచ్చు. అంతస్తుకు ఎన్ని కుర్చీలు వేశారు? అమ్మేవాళ్లకు స్టూళ్లు ఉన్నాయా? తాగునీళ్లు ఎక్కడ? చీర పగటి వెలుతురులో చూసుకునే చోటేది? చెక్క బెంచీ మీద డబ్బు పెట్టలేమంటారా, దేశమంతా అరలకూ గట్లకూ వాడుకునే కడప బండ మన జిల్లాలోనే దొరుకుతుంది. కిటికీ వారగా రెండు బండలు వేయిస్తే పదిమంది కూర్చుంటారు.