దాతగారి గుండు

తిరుపతిలో స్వచ్ఛంద సంస్థ నడపడమంటే ఏడుకొండలవాడితో పోటీకి దిగడమే. ఊళ్లో అడుగుపెట్టే ప్రతి మనిషీ ముడుపు కట్టుకునే వస్తాడు. ఆ ముడుపు మీద మన పేరు ఉండదు. కొండ దిగేసరికి అతని దగ్గర మిగిలేది లడ్డూల సంచి, తిరుగు టికెట్టు. పేద పిల్లల సాయంకాలం బడికి ఏదైనా ఇవ్వండని అడిగితే లడ్డూ తుంచి చేతిలో పెడతాడు. కాదనలేం. కళ్లకద్దుకుని తినాలి.

అందుకే దాతను కొండెక్కకముందే పట్టుకోవాలన్నది మా అధ్యక్షులవారి సిద్ధాంతం. నాయకత్వమంటే ఆయనకు మైకు, నిధుల సేకరణంటే శాలువా. కోశాధికారిని కాబట్టి చెబుతున్నాను, మా లెక్కల పుస్తకంలో పలకల పద్దుకన్నా శాలువాల పద్దే పెద్దది.

ఈమధ్య ఆయన చూపు సీఎస్ఆర్ మీద, అంటే కంపెనీలు సామాజిక పనులకు ఖర్చుపెట్టే డబ్బు మీద పడింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 5 కోట్లు, ఆపైన నికర లాభం వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. ఆ 2 శాతం మాట విన్నప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఆ డబ్బు అందుకోవడానికి కావలసిన సీఎస్ఆర్-1 నమోదు, పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఎ, 80జి కాగితాలన్నీ ఒక నీలం ఫైల్లో పెట్టి తలగడ పక్కన ఉంచుకున్నారు. చివరికి బెంగళూరు కంపెనీ అధికారి ఒకాయన దర్శనానికి వచ్చారని, కొండ దిగాక మా బడి చూస్తారని కబురందింది. ఫోనులో ఫొటో కూడా వచ్చింది. ఒత్తైన ఉంగరాల జుట్టు, కోరమీసం.

"వెయ్యిమందిలో ఉన్నా పట్టేస్తాను" అంటూ అధ్యక్షులవారు పూలదండ, శాలువా తీసుకుని బస్టాండుకు బయలుదేరారు.

సప్తగిరి బస్సు వచ్చి ఆగింది. ముందుగా ఒక గుండు దిగింది. దాని వెనక గంధం పూసిన గుండు. ఆ వెనక రెండు బుల్లి గుండ్లు, వాటిని పట్టుకుని ఒక పెద్ద గుండు. అధ్యక్షులవారు ఫోను వంక, గుండ్ల వంక మార్చి మార్చి చూశారు. పుట్టి పెరిగింది తిరుపతిలోనే అయినా, దాతలకు కూడా మొక్కులుంటాయన్న సంగతి ఆయనకు తట్టలేదు. కాస్త బొజ్జ, మంచి గడియారం, తోలు సంచి ఉన్న గుండును ఎంచుకుని మెడలో దండ వేసేశారు.

"సేవా కార్యక్రమం గురించి మాట్లాడాలి, రండి సార్."

"నేనూ ఆ పని మీదే తిరుగుతున్నానండీ" అన్నారు ఆ పెద్దమనిషి.

ఇంతకన్నా శుభశకునం ఏముంటుంది? హోటల్లో మసాలా దోసెలు, కాఫీలు అయ్యాయి. శాలువా కప్పడమూ అయింది. "మీ చేయి పడితే మా గది లేస్తుంది" అని వీరంటే, "మీ చేయి పడితే మా మండపం లేస్తుంది" అని వారన్నారు. తర్వాత కాఫీ గ్లాసు పక్కకు జరిపి, సంచిలోంచి రసీదు పుస్తకం తీశారు. పలమనేరు దగ్గరి పల్లెలో రామాలయం జీర్ణోద్ధారణ అట. దండ వేసి శాలువా కప్పాక కాదనడానికి మొహమెక్కడిది? అధ్యక్షులవారు 1,116 రూపాయలు సమర్పించుకున్నారు. పెద్దమనిషి గోత్రనామాలు అడిగి రాసుకుని, అక్కడికక్కడే రసీదు చింపి ఇచ్చారు. మా దాతలకు రసీదు అందాలంటే మధ్యలో రెండు పండుగలైనా వెళ్లాలి.

అసలు అధికారి ఈలోగా ఆటో ఎక్కి, దారి అడుగుతూ మా బడికి చేరుకున్నారు. చాప మీద పిల్లల మధ్య కూర్చుని పదమూడో ఎక్కం అప్పజెప్పించుకున్నారు, తడబడిన చోట తనూ తడబడ్డారు. ప్రతిపాదన పంపమని చెప్పి రైలుకు వెళ్లిపోయారు. అధ్యక్షులవారు అక్కడ లేకపోవడం కూడా ఇందుకు కొంత సాయపడి ఉండవచ్చు. ఆ మాట ఆయనతో అనడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు.

మర్నాడు పొద్దున్నే పలమనేరు పెద్దమనిషి ఫోను చేసి ధన్యవాదాలు చెప్పారు. తర్వాత మండపం స్తంభం ఫొటో పంపారు. దోసె తింటూ అధ్యక్షులవారు మాటవరసకు చెప్పిన మనవరాలి పుట్టినరోజును గుర్తుపెట్టుకుని, ఆ రోజు అర్చన చేయించి కుంకుమ పొట్లం పోస్టులో పంపారు. డబ్బు ముట్టాక ఏ దాతకూ ఫోను చేసిన పాపాన పోని మా అధ్యక్షులవారు ఆ పొట్లం అందరికీ చూపిస్తూ, "మనుషులను నిలుపుకోవడమంటే ఇదయ్యా!" అని కళ్లు తుడుచుకున్నారు.

నిన్న నా దగ్గరికి వచ్చి, స్తంభం మీద పేరు చెక్కించాలంటే 5,116 అవుతుందట, ఇద్దామా అన్నారు.

"నగదు 2,000 దాటితే ఇచ్చినవాళ్లకు 80జి పన్ను మినహాయింపు రాదండీ" అన్నాను. ఆ గుడికి అసలు 80జి ఉందో లేదో తర్వాతి సంగతి, ఏదో ఒక అడ్డుపుల్ల వేయాలి కదా.

ఆయన వెంటనే పలమనేరుకు ఫోను కలిపి నా అభ్యంతరం వినిపించారు.

"దానిదేముందండీ, మీ కమిటీలో అయిదుగురున్నారు కదా, తలా వెయ్యీ చిల్లర విడివిడిగా రాస్తాను" అని అటునుంచి నెమ్మదైన గొంతు వినిపించింది. "ఇంతకీ కోశాధికారిగారిది ఏ గోత్రం?"