సాకులు చెప్పని శాస్త్రవేత్తలట!

జాతీయ విజ్ఞాన దినోత్సవం వెళ్లిపోయినా ఆ సందేశం మాత్రం ఆగలేదు. బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగువాళ్ల గ్రూపులో వచ్చింది, పాత విద్యార్థుల గ్రూపులో వచ్చింది, చివరికి నెల్లూరు నుంచి మా పెద్దమ్మ కూడా పంపింది. పైన జీవరసాయన శాస్త్రవేత్త కమలా సోహోనీ, వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి, ఇంజనీరు ఎ. లలిత, ఇస్రో మహిళల ఫోటోలు. కింద రాసినదాని సారం ఇది: ప్రతిభ ఉంటే ఏ తలుపూ మూసి ఉండదు, వీళ్లు ఎవరి సాయమూ కోరలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు, ఇల్లు చక్కదిద్దుకుంటూనే ఇంత సాధించారు, ఈ కాలపు ఆడపిల్లలకు అన్నీ అమర్చిపెట్టినా సాకులే చెబుతారు.

ముందు ఫోటో సంగతి. 2014 సెప్టెంబరులో మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు పట్టుచీరల్లో నవ్వుతూ కనిపించిన ఆ మహిళలు పరిపాలనా విభాగం ఉద్యోగులని ఇస్రోయే తర్వాత చెప్పింది. ఆ యాత్రకు పనిచేసిన రీతూ కరిధాల్, నందినీ హరినాథ్ వంటివారు వేరే ఉన్నారు. గౌరవించాలనుకున్నవాళ్లు కనీసం పేరు కనుక్కోవాలి.

ఇల్లు చక్కదిద్దుకుంటూ సాధించారన్న మాటకూ పెద్ద జవాబు అక్కరలేదు. అన్నా మణి పెళ్లే చేసుకోలేదు. సి.వి. రామన్ వంట చేసి ప్రయోగశాలకు వెళ్లారా అని ఎవరూ అడగరు, అడగాలని తోచదు కూడా.

ఏ తలుపూ మూసి ఉండదట! ఇదే నన్ను కూర్చోనివ్వలేదు. బస్సుల్లో ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలుచుకునే మన భారతీయ విజ్ఞాన సంస్థకు కమల 1933లో దరఖాస్తు పెట్టింది. బొంబాయి విశ్వవిద్యాలయంలో మంచి మార్కులతో పట్టా పుచ్చుకున్న అమ్మాయి. ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో సంస్థను నడుపుతున్న రామన్ కాదన్నారు. ఆమె బెంగళూరు వచ్చి, కారణం చెప్పేదాకా కదలనని పట్టుబట్టింది. అప్పుడైనా ఇచ్చింది పూర్తి ప్రవేశం కాదు. మొదటి ఏడాది పరీక్షా కాలమన్నారు, పని నచ్చితేనే గుర్తిస్తామన్నారు, ప్రయోగశాలలో మగవాళ్ల ధ్యాస చెదరగొట్టకూడదన్నారు. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు తెచ్చుకుంది. ఆ అవమానాన్ని మాత్రం మరిచిపోలేదు, పెద్ద వయసులో సభలో పైకి చెప్పింది కూడా. ఎవరినీ తప్పుపట్టలేదని రాసినవాళ్లు ఆమె మాట ఒక్కటైనా చదివారా?

ఇక అన్నా మణి. రామన్ దగ్గరే కెంపుల మీద, వజ్రాల మీద పనిచేసింది. వాటి కాంతిని రంగులుగా విడదీసి చూపే ఒక్కొక్క వర్ణపటం ఫోటో ప్లేటు మీద పడడానికి పదిహేను, ఇరవై గంటలు పట్టేది. రాత్రిళ్లు ప్రయోగశాలలోనే గడిపింది. సొంత పేరు మీద పరిశోధన పత్రాలు ప్రచురించి, 1945లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పించింది. ఎం.ఎస్‌సీ. పట్టా లేదు కాబట్టి డాక్టరేటు ఇవ్వబోమన్నారు. అంత పనిని చేతిలో పెట్టుకొని, ఒక కాగితం లేదని! ఆ గ్రంథం ఈ ఊళ్లోనే, సదాశివనగర్‌లోని రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఉంది. తర్వాత ఆమె దేశంలో వాతావరణ పరికరాల తయారీని నిలబెట్టింది, వాతావరణ శాఖలో పెద్ద పదవికి ఎదిగింది. అయితే ఆ తలుపు తెరిచి ఉందని అర్థమా? మూసిన తలుపును ఆమె చుట్టి వెళ్లింది. చుట్టి వెళ్లలేక ఆగిపోయినవాళ్ల ఫోటోలు ఏ సందేశంలోనూ ఉండవు.

రామన్ విషయంలో ఒక మాట ఒప్పుకోవాలి. కమల పని చూశాక ఆయన అభిప్రాయం మార్చుకున్నారు, తర్వాత తన ప్రయోగశాలలోకే స్త్రీలను తీసుకున్నారు. అంతటి పేరున్న మనిషి అలా మారడం చిన్న విషయం కాదు. నేను చూసిన పెద్దమనుషుల్లో చాలామంది అంత దూరం రాలేదు.

ఎవరి సాయమూ కోరలేదన్నది ఇంకా దారుణం. అయ్యలసోమయాజుల లలిత మన తెలుగింటి పిల్ల, మద్రాసులో పుట్టింది. పదిహేనేళ్లకు పెళ్లి, పద్ధెనిమిదేళ్లకు వైధవ్యం, చేతిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. కూతురిని చేర్చుకోమని ఆయన అడిగారు, ప్రిన్సిపాల్ చాకో సరేనన్నారు. హాస్టల్లో ఉండి చదువుకుంటుంటే పాపను పుట్టింటివారు సాకారు. ఆమె ఒక్కతే ఉండకూడదని కళాశాలవారు ఇంకా అమ్మాయిలను పిలిస్తే లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ ఇంజనీరింగులో చేరారు. ఇంతమంది పూనుకుంటే దేశానికి మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు దొరికింది, భాక్రా నంగల్ జనరేటర్ల మీద పనిచేసింది. ఇందులోంచి తండ్రినీ, ప్రిన్సిపాల్‌నూ, పాపను చూసుకున్నవాళ్లనూ తీసేసి ఒంటరి వీరగాథ అల్లడం ఎవరి మేలుకోసం?

నాకు తెలుసు ఎవరికోసమో. నా దగ్గర భౌతికశాస్త్రం చదివిన ఒకమ్మాయి, రెండేళ్ల బిడ్డ తల్లి, పరిశోధనలో చేరాలనుకుంటోంది. బిడ్డను సాయంత్రం దాకా చూసుకోమని అత్తవారింట్లో అడిగితే వాళ్లు ఈ సందేశమే చూపించారు. ‘వీళ్లు అడిగారా?’ అన్నారట. బిడ్డల కోసం ఆగిపోయిన స్త్రీలను తిరిగి పరిశోధనలోకి తేవడానికి ప్రభుత్వం 2002 నాటికే ప్రత్యేక పథకం పెట్టింది. యాభైమంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించింది. ఇవన్నీ సాకులకు ఇచ్చిన బహుమతులా?

పెద్దమ్మకు ఇదంతా ఫోనులో చెప్పాను. గ్రూపులో పెట్టినవారికి ఇక్కడ చెబుతున్నాను: లలిత ఫోటో పక్కన సుబ్బారావు గారి పేరు కూడా రాసి పంపండి. ఆ అమ్మాయి అత్తవారికి నేనే చూపిస్తాను.