కండువా మారింది, లెక్క మారలేదు: బ్రిటిష్ కొలంబియా తీర్పును ఎలా చదవాలి?

2024 అక్టోబరు 19న కుండపోత వానలో పోలింగు ముగిసింది. ఆ రాత్రి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సులో సర్రే–గిల్డ్‌ఫర్డ్ నియోజకవర్గంలో కన్సర్వేటివ్ అభ్యర్థి హోన్‌వీర్ సింగ్ రంధావా 103 ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. తపాలా ఓట్లు లెక్కలోకి వస్తున్న కొద్దీ ఆ ఆధిక్యం 12కు కరిగింది. తొమ్మిదో రోజుకు ఫలితమే తారుమారై అధికారంలో ఉన్న వామపక్ష మొగ్గు గల న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) అభ్యర్థి గ్యారీ బెగ్ 27 ఓట్లతో ముందుకు వచ్చారు. న్యాయస్థానం ఆధ్వర్యంలో తిరిగి లెక్కించాక అది 22 దగ్గర ఆగింది. 2023లో చేవెళ్ల ఫలితం 268 ఓట్ల తేడాతో తేలినప్పుడు ఊపిరి బిగబట్టి చూసిన తెలుగు పాఠకులకు ఈ ఉత్కంఠ కొత్తేమీ కాదు. అయితే చేవెళ్లలో తేలింది ఒక్క స్థానం. సర్రే–గిల్డ్‌ఫర్డ్‌లో తేలింది ప్రభుత్వ స్వరూపం. ఆ 22 ఓట్లతోనే 93 స్థానాల శాసనసభలో ఎన్‌డీపీకి 47వ స్థానం, అంటే బొటాబొటి మెజారిటీ, దక్కింది. కన్సర్వేటివ్‌లకు 44, గ్రీన్ పార్టీకి 2 వచ్చాయి.

ఈ ఫలితానికి రెండు వ్యాఖ్యానాలు ప్రచారంలో ఉన్నాయి. కెనడా అంతటా వీస్తున్న సంప్రదాయవాద గాలి పసిఫిక్ తీరాన్నీ తాకిందని, ఇంకాస్త బలంగా వీచి ఉంటే ప్రభుత్వమే పడిపోయేదని ఒక వర్గం అంటోంది. ఏడేళ్ల పాలన తరువాత, ఇళ్ల అద్దెలూ సరుకుల ధరలూ జనం నడ్డి విరుస్తున్న వేళ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి వంటి పదవి) డేవిడ్ ఈబీ గద్దె నిలుపుకోవడమే గొప్ప అని మరో వర్గం అంటోంది. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ రెండూ 2020 ఫలితాన్నే కొలబద్దగా పెట్టుకున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది. కోవిడ్ నడుమ అప్పటి ప్రీమియర్ జాన్ హోర్గన్ ముందస్తుకు వెళ్లిన ఆ ఎన్నికల్లో ఎన్‌డీపీకి 47.7 శాతం ఓట్లు, 87 స్థానాల్లో 57 వచ్చాయి. అది మామూలు సంవత్సరం కాదు. ఎన్‌డీపీకి ఎదురుగా నిలిచిన ప్రధాన పార్టీకి 2009లో దాదాపు 46 శాతం, 2013లో 44 శాతం, 2017లో 40 శాతం ఓట్లు పడ్డాయి. 2024లో ఆ స్థానంలో ఉన్న కన్సర్వేటివ్‌లకు 43.3 శాతం, ఎన్‌డీపీకి 44.9 శాతం వచ్చాయి. ఈ వరుసను చూస్తే ఉప్పెన ఎక్కడా కనిపించదు. మహమ్మారి కాలంలో చెదిరిన ఎన్‌డీపీ వ్యతిరేక ఓటు తన పాత మట్టానికి తిరిగి చేరింది. చేరిన చోట బోర్డు మాత్రం వేరు.

బోర్డు మార్చడం ఈ ప్రావిన్సుకు పాత అలవాటే. ఎన్‌డీపీకి పూర్వరూపమైన సీసీఎఫ్ అధికారంలోకి రాకుండా చూడాలని అప్పటి లిబరల్–కన్సర్వేటివ్ కూటమి 1952 ఎన్నికలకు ప్రాధాన్య ఓటింగు విధానాన్ని తెచ్చింది. తమ ఓటర్లు రెండో ప్రాధాన్యాన్ని ఒకరికొకరు ఇచ్చుకుంటారన్నది ఆ నాయకుల లెక్క. ఆ రెండో ప్రాధాన్యాలు అంతవరకు ఎవరూ పట్టించుకోని సోషల్ క్రెడిట్ పార్టీకి పోయాయి. సోషల్ క్రెడిట్‌కు 19, సీసీఎఫ్‌కు 18 స్థానాలు వచ్చాయి. ఆ ఒక్క స్థానం ఆధిక్యంతో పీఠమెక్కిన డబ్ల్యూ.ఏ.సి. బెనెట్ ఇరవై ఏళ్లు దిగలేదు. 1991లో ఆ పార్టీ 7 స్థానాలకు కుప్పకూలగానే దాని ఓటర్లు లిబరల్ గూటికి చేరారు. పేరు చూసి పొరబడకూడదు. బీసీ (బ్రిటిష్ కొలంబియా) లిబరల్ పార్టీకి, దేశ రాజధాని ఒట్టావాలో జస్టిన్ ట్రూడో నడిపిన లిబరల్ పార్టీకి సంబంధం లేదు. వ్యాపార వర్గాలు, నగరాల మధ్యేవాదులు, తీరానికి దూరంగా ఉండే ప్రాంతాల సంప్రదాయవాదులు ఎన్‌డీపీని ఆపడమనే ఒకే ఒక్క అవసరం కోసం పంచుకున్న గొడుగు అది. ఆ గొడుగు కిందే 2001లో 79 స్థానాలకు 77 గెలిచారు, పదహారేళ్లు పాలించారు.

ఆ గొడుగును చించింది ఓటర్లని నేను అనుకోను. పట్టుకున్నవారే చించారు. 2022 ఆగస్టులో శాసనసభ్యుడు జాన్ రస్టాడ్, వాతావరణ మార్పులో కార్బన్ డయాక్సైడ్ పాత్రను ప్రశ్నించే ఒక పోస్టును సామాజిక మాధ్యమంలో పంచుకున్నందుకు నాయకుడు కెవిన్ ఫాల్కన్ ఆయన్ను పార్టీ శాసనసభా పక్షం నుంచి బహిష్కరించారు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పార్టీ పేరునే బీసీ యునైటెడ్‌గా మార్చారు. దశాబ్దాలుగా జనం నాలుకపై నిలిచిన పేరును తీసేసి, ఫుట్‌బాల్ జట్టును తలపించే పేరు పెట్టడంలోని తర్కం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. బహిష్కృతుడైన రస్టాడ్ 2020లో 1.9 శాతం ఓట్లు మాత్రమే తెచ్చుకున్న బీసీ కన్సర్వేటివ్ పార్టీలో చేరి, 2023 మార్చిలో దాని నాయకుడయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరులో బీసీ యునైటెడ్ సభ్యుడు బ్రూస్ బ్యాన్‌మన్ ఫిరాయించడంతో ఆ పార్టీకి సభలో గుర్తింపు వచ్చింది. 2024 వేసవికి మరికొందరు కండువా మార్చుకున్నారు.

ఇక్కడ మనకు సహజంగానే ఒక సందేహం వస్తుంది. ఇంతమంది గోడ దూకుతుంటే అనర్హత వేటు ఎందుకు పడలేదు? కెనడాలో మన పదో షెడ్యూలు వంటి చట్టం ఈ ప్రావిన్సు సభ్యులకు లేదు. గెలిచిన స్థానం సభ్యుడిదే తప్ప పార్టీది కాదన్నది అక్కడి సంప్రదాయం. భారతదేశంలోనైతే పార్టీ బహిష్కరించిన సభ్యుడు కూడా మరో పార్టీలో చేరితే అనర్హుడే అవుతాడని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. ఆ లెక్కన రస్టాడ్ కొత్త పార్టీకి సభలో చోటే దక్కేది కాదు. మన చట్టం ఫిరాయింపులను ఎంతవరకు ఆపిందన్నది వేరే చర్చ. బ్రిటిష్ కొలంబియాలో మాత్రం ఆ చట్టం లేకపోవడం వల్లే ఒక పార్టీ ఎన్నికలకు ముందే సభలో బహిరంగంగా మరో పార్టీగా రూపాంతరం చెందగలిగింది.

చివరి దెబ్బ 2024 ఆగస్టు 28న పడింది. ప్రచారం మొదలు కావడానికి నెల రోజులు కూడా లేని సమయంలో ఫాల్కన్ తన పార్టీ బరిలో ఉండదని ప్రకటించి, రస్టాడ్‌కు మద్దతు పలికారు. ప్రధాన ప్రతిపక్షం తన దుకాణాన్ని తానే మూసుకోవడం ఏ దేశంలోనైనా అరుదే. నా దృష్టిలో ఈ ఎన్నికల అసలు ఘట్టం అక్టోబరు 19 కంటే ఆగస్టు 28. ఓటు రెండుగా చీలి ఉంటే ఎన్‌డీపీ అలవోకగా గెలిచేది. పూర్వం మాదిరి మధ్యేవాద నాయకత్వం కిందే ఆ ఓటు ఏకమై ఉంటే ఎన్‌డీపీ బహుశా ఓడిపోయేది. జరిగింది ఈ రెండింటికీ నడుమ. ఓటు ఏకమైంది, కానీ అంచున ఉన్న వర్గం చేతికి చిక్కింది. టికెట్లు రాని కొందరు బీసీ యునైటెడ్ సభ్యులు స్వతంత్రులుగా నిలబడినా ఒక్కరూ గెలవలేదు.

ఓటర్లు ఎవరు వచ్చారో, ఎవరు ఆగిపోయారో పటం చూస్తే తెలుస్తుంది. ఉత్తరాన అడవుల్లోనూ గనుల్లోనూ పనిచేసే పట్టణాలు, ఒకానగన్ లోయ, ఫ్రేజర్ లోయ దాదాపుగా కన్సర్వేటివ్ వైపు నిలిచాయి. వాంకూవర్ నగరం, బర్నబీ, విక్టోరియా ఎన్‌డీపీని కాపాడాయి. పోరు నడిచింది వాంకూవర్ చుట్టూ ఉన్న శివారు నగరాల్లోనే. చైనా సంతతి ఓటర్లు ఎక్కువగా ఉండే రిచ్‌మండ్‌లో నాలుగింట మూడు, దక్షిణాసియా కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న సర్రేలో పదింట ఆరు కన్సర్వేటివ్‌లు గెలిచారు. విద్యాశాఖ మంత్రి రచనా సింగ్ సర్రే నార్త్‌లో ఓడిపోయారు. వలస వచ్చిన కుటుంబాలు ఎన్‌డీపీకి కట్టుబడిన ఓటు బ్యాంకన్న నమ్మకానికి ఈ నగరాలు గండి కొట్టాయి. పాఠశాలల్లో లైంగికత, లింగ గుర్తింపుపై పాఠాలు, రద్దీగా మారిన ఆసుపత్రులు, వీధుల్లో భద్రత వంటివే అక్కడి ఇళ్లలో మాట్లాడుకున్న విషయాలు.

మాదకద్రవ్యాల విధానం ఈ అసంతృప్తిలో పెద్ద భాగం. విషపూరిత మాదకద్రవ్యాల మరణాలపై 2016 ఏప్రిల్‌లో ప్రజారోగ్య అత్యవసర స్థితి ప్రకటించినప్పటి నుంచి ఎన్నికల నాటికి 14,000 మందికి పైగా చనిపోయారు. స్వల్ప పరిమాణంలో, 2.5 గ్రాముల వరకు, మాదకద్రవ్యాలు దగ్గర ఉంచుకోవడం నేరం కాదంటూ 2023 జనవరి 31న మొదలుపెట్టిన మూడేళ్ల ప్రయోగాన్ని ప్రభుత్వం 2024 మేలో సగం వెనక్కి తీసుకుని, బహిరంగ స్థలాల్లో వాడకాన్ని తిరిగి నిషేధించింది. ఇంధనాలపై వేసిన కార్బన్ పన్ను కథ ఇంకా విచిత్రం. దాన్ని 2008లో తెచ్చింది బీసీ లిబరల్ ప్రీమియర్ గోర్డన్ క్యాంబెల్. దాన్ని రద్దు చేస్తామని ఊరూరా తిరిగింది ఆ పార్టీ వారసులు. ఆ పన్ను తప్పనిసరన్న షరతును కేంద్రం తొలగిస్తే వినియోగదారులపై ఆ పన్ను ఎత్తేస్తామని ఈబీ కూడా 2024 సెప్టెంబరులో ప్రకటించారు. ప్రత్యర్థి బలమైన వాదనలను ఒక్కొక్కటిగా తన వైపుకు లాక్కోవడమే ఈబీ ఎన్నికల వ్యూహమని చెప్పవచ్చు. దానివల్ల ప్రభుత్వం దక్కింది. అయితే ఏ సిద్ధాంతం కోసం పార్టీ కార్యకర్తలు గడప గడపకూ తిరిగారో ఆ సిద్ధాంతమే పలచబడింది.

గ్రీన్ పార్టీ గతి చూస్తే ఎన్నికల విధానంలోని వక్రత తెలుస్తుంది. 2020లో 15 శాతం ఉన్న వారి ఓటు 8.2కు పడిపోయింది. నాయకురాలు సోనియా ఫర్స్టెనౌ స్వయంగా ఓడిపోయారు. అయినా స్థానాలు అవే రెండు, పలుకుబడి మాత్రం పెరిగింది. 1996లో లిబరల్‌లకు 41.8 శాతం ఓట్లు వస్తే 39.5 శాతం తెచ్చుకున్న ఎన్‌డీపీ మెజారిటీ స్థానాలు గెలుచుకుంది. దామాషా ఓటింగు వైపు మారదామని 2005లో 57.7 శాతం మంది ఓటు వేసినా, 60 శాతం కావాలన్న నిబంధన వల్ల ఆ ప్రతిపాదన వీగిపోయింది. 2009లో, 2018లో జనమే కాదన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 39 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీ 175లో 11 స్థానాలకు పరిమితం కావడం చూసినవారికి ఈ చర్చ దూరపు చర్చగా అనిపించదు. యాదృచ్ఛికంగా, బ్రిటిష్ కొలంబియాలో ఈసారి రెండు పెద్ద పార్టీల ఓట్లకూ స్థానాలకూ పెద్దగా తేడా రాలేదు.

లెక్కింపు గురించి కొంత చెప్పాలి. ప్రావిన్సు వ్యాప్త ఎన్నికల్లో ఈసారే తొలిసారిగా కాగితపు బ్యాలెట్లను ఎలక్ట్రానిక్ యంత్రాలతో లెక్కించారు. ఓటరు తన నియోజకవర్గం దాటి ఎక్కడైనా ఓటు వేయవచ్చు. పది లక్షల మందికి పైగా ముందస్తు పోలింగులోనే ఓటు వేశారు. ఈ సౌలభ్యాల వల్లే తుది ఫలితం అక్టోబరు 28 దాకా తేలలేదు. ప్రిన్స్ జార్జ్–మెకెంజీలో 861 ఓట్లున్న ఒక పెట్టె లెక్కలోకి రాలేదని ఎన్నికల సంస్థే ఆ తరువాత బయటపెట్టింది. దానివల్ల విజేత మారలేదు. పొరపాటును తానే ఒప్పుకోవడం సంస్థకు గౌరవమే తెస్తుందని నేననుకుంటాను. కానీ 22 ఓట్లతో ప్రభుత్వం నిలబడిన ఏడాదిలో అలాంటి ఒప్పుకోలు అనుమానాలకూ మేతగా మారింది.

వాంకూవర్ పరిసరాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో చాలామందికి ఈ ఎన్నికల్లో ఓటు లేదు. శాశ్వత నివాస హక్కు వచ్చినా పౌరసత్వం లేనిదే ఓటు రాదు. ఇళ్ల కొరతకు విదేశీ విద్యార్థులే కారణమన్న మాట మాత్రం ప్రచారమంతా వినిపించింది. విద్యార్థి అనుమతులపై 2024 జనవరిలో పరిమితి ప్రకటించింది ఒట్టావా ప్రభుత్వం. ఆ అధికారం ప్రావిన్సు చేతిలో లేదు.

ఎన్నికల తరువాత రెండు పక్షాలూ చిక్కుల్లోనే పడ్డాయి. రస్టాడ్ గొడుగు ఆరు నెలలు కూడా నిలవలేదు. 2025 మార్చిలో తన పార్టీ సభ్యురాలు డల్లాస్ బ్రోడీని బహిష్కరించడంతో మరో ఇద్దరు సభ్యులు బయటికి నడిచారు. ఆ డిసెంబరులో రస్టాడే నాయకత్వం వదులుకున్నారు. అటు ఎన్‌డీపీకి సమస్య తొలి రోజే మొదలైంది. 47 మందిలో ఒకరు స్పీకర్ కాగానే సభ 46–46గా నిలిచిపోతుంది. 2017లో ఇలాంటి ఇరకాటంలో లిబరల్ సభ్యుడు డారిల్ ప్లెకస్‌ను స్పీకర్ పీఠంపై కూర్చోబెట్టి ఎన్‌డీపీ గట్టెక్కింది. ఈసారి అలాంటివారు దొరకలేదు. 2024 డిసెంబరులో గ్రీన్ సభ్యులిద్దరితో ఒప్పందం కుదుర్చుకున్నా, అది ప్రతి బిల్లుకూ హామీ ఇవ్వలేదు.

స్పీకర్‌గా మళ్లీ రాజ్ చౌహాన్‌నే ఎన్నుకున్నారు. ఆయన పంజాబ్‌లో పుట్టి, ఫ్రేజర్ లోయ పొలాల్లో పనిచేసే కూలీల కోసం 1980లో ఏర్పడిన సంఘానికి వ్యవస్థాపక అధ్యక్షుడిగా ఉన్నవారు. భారతీయుల ఓటు హక్కును 1907లో తీసేసి, 1947 దాకా తిరిగి ఇవ్వని ప్రావిన్సు అది. పెద్ద నిర్మాణ పథకాలకు అనుమతులు త్వరగా ఇచ్చే అధికారాన్ని మంత్రివర్గానికి కట్టబెట్టే 15వ బిల్లు 2025 మే 28న తుది ఓటింగుకు వచ్చింది. ఆదివాసీ జాతుల నాయకులు దాన్ని వ్యతిరేకించారు. గ్రీన్లూ ఎదురు ఓటే వేశారు. ఓడితే ప్రభుత్వం పడిపోతుందని ఈబీ ముందే చెప్పి ఉన్నారు. ఓట్లు సమానంగా చీలినప్పుడు స్పీకర్ యథాతథ స్థితి వైపే మొగ్గాలన్నది బ్రిటిష్ పార్లమెంటు నుంచి వచ్చిన వెస్ట్‌మినిస్టర్ సంప్రదాయం. ఆ రాత్రి సభ 46–46గా చీలింది, చౌహాన్ తన ఓటును బిల్లు వైపు వేశారు.