సవరణ: బ్యాక్ ఓరిఫిస్ కంటే నెట్‌బస్ ముందు
దూరం నుంచి కంప్యూటర్‌ని చేతిలోకి తీసుకునే ట్రోజన్ల (మామూలు ప్రోగ్రామ్‌లా కనిపించి లోపలికి చేరే హానికర ప్రోగ్రామ్‌ల) మీద పెట్టిన పోస్టులో బ్యాక్ ఓరిఫిస్ ముందొచ్చిందని, నెట్‌బస్ దాన్ని చూసి తయారైందని ఉంది. అది తప్పు. స్వీడన్‌కు చెందిన కార్ల్-ఫ్రెడ్రిక్ నైక్టర్ రాసిన నెట్‌బస్ 1998 మార్చిలోనే బయటికొచ్చింది, కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ అనే హ్యాకర్ల బృందం వాళ్లు బ్యాక్ ఓరిఫిస్‌ని అదే ఏడాది ఆగస్టులో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో విడుదల చేశారు. ఇలాంటిదే ఇంకో ట్రోజన్ సబ్‌సెవెన్ ఆ తర్వాతది.

ఇంకోటి, నెట్‌బస్ గురించి రాసిన "సీడీ ట్రే తెరిచి స్నేహితుల్ని ఆటపట్టించడానికే వాడేవాళ్లు" అన్న వాక్యం తీసేశాను. ఎందుకంటే 1999లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో ఒక న్యాయశాస్త్ర పరిశోధకుడి ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎవరో నెట్‌బస్ ద్వారా పిల్లల అశ్లీల చిత్రాలు ఎక్కించారు, ఆయన ఉద్యోగం పోయింది, దేశం వదిలి వెళ్లాల్సొచ్చింది, నిర్దోషి అని కోర్టు తేల్చేసరికి 2004 వచ్చేసింది. ఐదేళ్లు! ఇలాంటి ప్రోగ్రామ్ ఉన్న కంప్యూటర్‌లో ఫైల్ దొరికినంత మాత్రాన అది యజమాని పెట్టిందే అనుకోలేం, అసలు ప్రమాదం అదే, దాన్ని సరదా అని రాయడం ఆయనకు అన్యాయం.

ఆ పోస్టులోని పోర్టు నంబర్లు (నెట్‌వర్క్ మీదుగా ఆ ప్రోగ్రామ్‌తో మాట్లాడే ద్వారం నంబర్లు) మాత్రం సరిగ్గానే ఉన్నాయి: నెట్‌బస్‌ది 12345, బ్యాక్ ఓరిఫిస్‌ది 31337.