మూడేళ్లు ఆగమనే ఆ సందేశాన్ని నమ్మకండి

రెండు నెలలుగా మా జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. మా ఊరి గ్రూపులో ఒకసారి, మిర్యాలగూడలో ఉన్న మేనత్త నుంచి ఒకసారి, తోటి ఉద్యోగి నుంచి మరోసారి, నాకే మూడుసార్లు వచ్చింది. సంతానం కోసం బెంగపడేవారికి ఒక కుటుంబ డాక్టరు ఇచ్చిన సలహా అని దాని పేరు. అందులో ఉన్నది ఇది: పిల్లలు కాలేదని పరీక్షలకు పరుగెత్తకండి, పెళ్లయ్యాక మూడేళ్లు ఆగండి. మగవాడు కాపురానికి పనికొస్తే అతనికి పరీక్షే అక్కర్లేదు. నెలసరి మొదలైన పద్నాలుగో రోజు కలిస్తే చాలు. ఆలస్యమైతే ఐదు రోజుల మాత్రలు వాడండి, స్కానింగులు దండగ. మగవారికి బలం తగ్గితే హార్మోను ఇంజెక్షన్ వేయించండి. నల్లగొండ వాళ్లకైతే అసలు లోపం ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంది. ఇక చివరి మాట, మీ నాడి ఎరిగిన డాక్టరును వదిలి కొత్తవారి దగ్గరకు పోవద్దు.

నేను నల్లగొండలో ఒక ల్యాబులో పద్నాలుగేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. డాక్టరును కాను. అయితే ఈ సలహాలన్నీ, దాదాపు ఇదే వరుసలో, మా అక్కకూ బావకూ వాళ్ల కుటుంబ డాక్టరు చెప్పారు. వాళ్లు ఐదేళ్లు తు.చ. తప్పకుండా పాటించారు. వాళ్లిద్దరూ సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

మొదట మూడేళ్ల సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. గర్భనిరోధకాలేవీ వాడకుండా కాపురం చేస్తున్న నూరు జంటల్లో ఎనభైకి పైగా జంటలకు ఏడాదిలో గర్భం వస్తుంది. కాబట్టి ఇరవై మూడేళ్ల కోడలిని పెళ్లయిన ఆరు నెలలకే ఆసుపత్రికి తిప్పడం తప్పే. కానీ ఏడాది దాటితే పరీక్షలు మొదలుపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంతానలేమికి పెట్టిన గడువు 12 నెలలే. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి, 40 దాటితే అసలు ఆగకూడదు. నెలసరి క్రమం తప్పినా, ఎప్పుడైనా క్షయ వచ్చినా, కడుపుకు ఆపరేషన్ జరిగినా, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి భర్తకు వృషణాలు వాచినా మొదటి నెలలోనే డాక్టరుకు చెప్పాలి. మా అక్క మొదటిసారి అడిగినప్పుడు ఆమెకు ముప్పై ఏళ్లు. "తొందరెందుకమ్మా, దేవుడిస్తాడు" అన్నారు డాక్టరుగారు. ఆ మాట చల్లగా ఉంది, ఇంట్లో అందరికీ నచ్చింది. ముప్పైమూడు వచ్చేదాకా ఎవరూ మళ్లీ అడగలేదు.

రెండో మాట, కాపురానికి పనికొచ్చే మగవాడికి పరీక్ష అక్కర్లేదన్నది. ఈ సందేశంలో అన్నింటికన్నా ఎక్కువ కాపురాలను కూల్చేది ఇదే. దాంపత్య సామర్థ్యం వేరు, వీర్యంలో కణాలు ఉండటం వేరు. కణాలు ఒక్కటి కూడా లేని వీర్యం చూడటానికి మామూలుగానే ఉంటుంది. రంగు చూసి, చిక్కదనం చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు లోపం పూర్తిగానో కొంతో ఉంటుంది. అయినా మా కౌంటరు దగ్గర నేను చూసేది ఏమిటంటే, భార్య చేతిలో అరచేతి మందం ఫైలు, నాలుగు స్కానింగులు, రెండుసార్లు గర్భసంచి శుభ్రం చేయించిన కాగితాలు, భర్త చేతిలో ఆ రోజే మొదటిసారి ఇచ్చిన చిన్న డబ్బా. ఆ ఫైలు తయారయ్యేలోపు ఆమెను ఎంతమంది గొడ్రాలని ఉంటారో, ఎన్ని సీమంతాలకు పిలవకుండా ఉంటారో! ఈ పరీక్షకు సూది గుచ్చరు, మత్తు ఇవ్వరు, ఖర్చు తక్కువ. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. ఇంటి దగ్గర తీస్తే గంటలోపు ల్యాబుకు చేరాలి, అందుకే దేవరకొండ నుంచి బస్సులో తేవడం కుదరదు, ల్యాబులోనే ఇవ్వాలి. మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, కదిలేవి నూటికి 42, ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస ప్రమాణాలు. తక్కువ వచ్చినా కంగారు వద్దు, జ్వరం వచ్చి తగ్గినా తగ్గుతాయి. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, మూడు నెలలకు మళ్లీ చేయించాలి.

పద్నాలుగో రోజు లెక్క 28 రోజులకు నెలసరి వచ్చేవారికి మాత్రమే. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు. మా అక్కకు 35 రోజులకు వస్తుంది, అంటే అండం దాదాపు ఇరవై ఒకటో రోజున. వీర్యకణం లోపల బతికేది మహా అయితే ఐదు రోజులు, అండం బతికేది ఒక్కరోజు. పద్నాలుగో రోజున కలిసి ఊరుకుంటే ఆ కణాలు పందొమ్మిదో రోజుకే అయిపోతాయి. క్యాలెండరులో ఎర్ర సున్నా చుట్టి, ఆ ఒక్క రోజు కోసం బావ డ్యూటీ మార్చుకుని మరీ వచ్చేవాడు. రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉంటే ఏ లెక్కా అక్కర్లేదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఐదు రోజుల మాత్రలంటే క్లోమిఫీన్, లేదా లెట్రోజోల్. మంచి మందులే. అండం విడుదల కానివారికి పనిచేస్తాయి, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవారికి ఇప్పుడు మొదట లెట్రోజోలే ఇవ్వమంటున్నారు. అయితే గర్భనాళాలు మూసుకుపోయినవారికి ఎన్ని అండాలు విడుదలైతే ఏం లాభం? మన దేశంలో ఆ నాళాలను మూసేవాటిలో క్షయ ఒకటి, అది ఒక్కోసారి దగ్గు కూడా లేకుండా ఉంటుంది. నాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేతో ఆ సంగతి తెలుస్తుంది. మాత్రలు వాడే మొదటి నెలలో అయినా స్కానింగ్ చేసి ఎన్ని అండాలు పెరుగుతున్నాయో చూడాలి, లేకపోతే కవలలు, అండాశయాల వాపు లాంటివి ముందుగా తెలియవు. క్లోమిఫీన్ ఆరు నెలలకు మించి వాడకూడదు. మందుల దుకాణంలో పాత చీటీ చూపించి ఏడాదంతా కొనుక్కున్నవారిని నేను చూశాను.

ఇక హార్మోను ఇంజెక్షన్. దీని గురించి రాయాలనే కూర్చున్నాను. బలానికి వేసేది టెస్టోస్టెరాన్. మగతనపు హార్మోనే కదా, ఎక్కిస్తే కణాలు పెరుగుతాయని అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. బయటి నుంచి హార్మోను అందితే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి వృషణాలకు సంకేతాలు పంపడం మానేస్తుంది. లోపల కణాల తయారీ ఆగిపోతుంది. కొందరిలో సున్నాకు పడుతుంది. పిల్లలు కావాలనుకునే మగవాడికి ఇవ్వకూడని మందు ఇది. బావకు ఎనిమిది నెలలు వేశారు. మనిషికి హుషారు వచ్చింది, మందు పనిచేస్తోందనుకున్నారు.

అక్కకు ముప్పై ఐదు నిండాక బావను నేనే బతిమాలి ల్యాబుకు తెచ్చాను. పద్నాలుగేళ్లుగా ఊరందరి నమూనాలు చూస్తూ, బావతో ఈ మాట ఎత్తడానికి నాకే ఐదేళ్లు నోరు రాలేదు. నమూనా పలచబడేదాకా అరగంట ఆగి, చుక్క స్లైడు మీద పెట్టి చూశాను. ఒక్క కణం లేదు. రెండో చుక్క చూశాను. మిగిలినదంతా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని స్లైడు చివరి నుంచి చివరికి వెతికాను. లేదు. బావ బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇంజెక్షన్లు ఆపించారు. ఏడు నెలలకు మిల్లీలీటరుకు తొంభై లక్షలకు వచ్చాయి. కొందరికి కోలుకోవడానికి ఏడాది దాటుతుంది. ఇంజెక్షన్లకు ముందు బావకు ఎన్ని ఉండేవో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, మొదట్లో ఎవరూ పరీక్ష చేయించలేదు కాబట్టి.

ఫ్లోరైడ్ గురించి రెండు మాటలే. మర్రిగూడ, నాంపల్లి వైపు ఆ నీళ్లు పళ్లను, ఎముకలను ఏం చేశాయో కళ్లారా చూసినవాళ్లం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది. అయినా నీళ్ల మీద నెపం వేసి ఊరుకుంటే మూసుకుపోయిన నాళం కనబడదు, థైరాయిడ్ తేడా తెలియదు. ఏ ఊరి నీళ్లు తాగినా చేయించాల్సిన పరీక్షలు అవే.

మిగిలింది డాక్టరును మార్చకూడదన్న మాట. దీనికి జనం ఎందుకు కట్టుబడతారో నాకు తెలుసు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి చూసిన మనిషిని కాదని పోవడం కృతఘ్నతలా ఉంటుంది. కానీ నిపుణుల దగ్గరకు పంపడం కుటుంబ డాక్టరు పనిలో భాగమే. అక్క చివరికి ఒక తెల్లకాగితం మీద ఇద్దరి వయసులు, ఆరు నెలల నెలసరి తేదీలు, వాడిన మందుల పేర్లు రాసుకుని వెళ్లి ఇలా అడిగింది: "డాక్టరుగారూ, మా ఇద్దరికీ కావలసిన పరీక్షలు రాయండి. మీరు చూసేది కాకపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలో చీటీ రాసివ్వండి." మీరూ ఇలాగే అడగండి. పాత రికార్డుల నకలు కూడా అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబులో కలిపే చికిత్స) దాకా వెళ్లాల్సి వస్తే ఆ కేంద్రానికి సంతాన సాఫల్య కేంద్రాల నియంత్రణకు తెచ్చిన 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ఉంది.

డాక్టరుగారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. బావ రిపోర్టు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత హైదరాబాద్‌కు చీటీ రాశారు, ఇంజెక్షన్ల సంగతి కూడా తన చేత్తోనే అందులో రాశారు. అక్కావాళ్లు ఇప్పుడు అక్కడ చూపించుకుంటున్నారు. మొన్న జ్వరం వస్తే మాత్రం అక్క ఆయన దగ్గరకే వెళ్లింది.